సంక్రాంతి సెలవుల తర్వాత

2022 జనవరి 17న సంక్రాంతి సెలవులు ముగిసి ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచారు. ఆ రోజు ఉదయం మా అబ్బాయి యూనిఫాం వేసుకుని, సంచి వీపున తగిలించుకుని గుమ్మం దాకా వచ్చాడు. కింద ఆటో హారన్ మోగుతోంది. వాడు ఏడవలేదు, మారాం చేయలేదు. గడప దగ్గర నిలబడి కడుపు పట్టుకున్నాడు, అంతే. ఆగస్టు నుంచి వారానికి రెండు మూడుసార్లు చూస్తున్నదే అది. ఆ రోజు మాత్రం మావారు బాల్కనీలోకి వెళ్లి ఆటో అతన్ని వెళ్లిపొమ్మని చెయ్యి ఊపారు. లోపలికి వచ్చి వాడి వీపు మీది సంచి దించి, "రేపు కూడా వద్దులే నాన్నా" అన్నారు. నాలుగో తరగతి సగంలో మా వాడి బడి అలా ఆగింది.

"ఎందుకు మానిపించారు?" అని ఈ నాలుగేళ్లలో ఎందరో అడిగారు. నేను చెప్పిన జవాబులు ఏటికేడు మారుతూ వచ్చాయి. బడి నుంచి తీసిన రోజున మాకున్న కారణం వేరు, తిరిగి పంపకపోవడానికి ఉన్న కారణం వేరు. మొదటిది భయం. రెండోది తెలియడానికి రెండున్నరేళ్లు పట్టింది. పిల్లలను ఇంట్లో చదివించాలని ఆలోచిస్తున్నవారు ఎవరైనా నన్ను అడిగితే ముందుగా ఈ సంగతే చెబుతాను.

మా వాడికి నత్తి. నాలుగేళ్ల వయసులో మొదలైంది. ముఖ్యంగా ప, మ, క అక్షరాలతో మొదలయ్యే మాటల దగ్గర గొంతు పట్టేస్తుంది. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ మేడం' అనాలి కదా, ఆ మొదటి అక్షరమే వాడికి కొండ. ఒకటి, రెండు తరగతులు ఎలాగో గడిచాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బడులు మూతపడ్డాయి. ఫోనులో పాఠాలు, మైకు ఎప్పుడూ మూసే ఉండేది. మా మామయ్యగారు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు వినడానికి కావలసినంత తీరిక. తాతా మనవలిద్దరూ మంచం మీద కూర్చుని పొద్దస్తమానం మాట్లాడుకునేవారు. నత్తి పోలేదు. నత్తితోనే గంటల తరబడి మాట్లాడేవాడు.

2021 ఆగస్టు 16న బడులు మళ్లీ తెరిచారు. తరగతి టీచరు చాలా మంచావిడ, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. మా వాడు పద్యం అప్పజెప్పడానికి లేచి ఇబ్బంది పడుతుంటే, వెనక బెంచీల్లో నవ్వులు వినిపిస్తుంటే, ఆవిడే వాడి దగ్గరికి వచ్చి, "నువ్వు చెప్పక్కర్లేదు నాన్నా, రాసి చూపించు చాలు" అన్నారు. వాడు రాసి చూపించాడు. మర్నాడు కూడా రాశాడు. తర్వాత అన్నీ రాసే చూపించడం అలవాటైంది. ప్రోగ్రెస్ కార్డులో 'మంచి క్రమశిక్షణ' అని వచ్చింది, మార్కులూ బాగానే ఉన్నాయి. మేము సంతోషించాం.

డిసెంబరులో ఒక సాయంత్రం మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే వాడి తరగతి అమ్మాయి చింతపండు అడగడానికి మా ఇంటికి వచ్చింది. వాడు లోపల తాతయ్యతో గట్టిగా వాదిస్తున్నాడు. ఆ పాప ఆగి విని, నా వైపు ఆశ్చర్యంగా చూసి, "ఆంటీ, వాడికి మాటలు వస్తాయా?" అని అడిగింది. నాలుగు నెలలు ఒకే గదిలో కూర్చున్న పిల్ల. నా చేతిలోని చింతపండు డబ్బా మూత ఎక్కడ పెట్టానో తెలియలేదు.

ఆ రాత్రి మావారికి చెప్పాను. నలభై మందికి పైగా ఉన్న తరగతిలో ఒక్క పిల్లవాడి మాట కోసం అర నిమిషం ఆగడం ఎవరికైనా కష్టమే, నాకు తెలుసు. కానీ మా వాడికి కావలసింది ఆ అర నిమిషమే. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళితే ఆమె నిర్మొహమాటంగా చెప్పారు: "బడి మానిపించడం నత్తికి మందు కాదమ్మా. వాడి మాట మీరు పూర్తి చేయకండి. తొందరపెట్టకండి. ఎంతసేపైనా ఆగండి." ఆ మూడు మాటలూ మా ఇంటి గోడ మీద కాగితం అంటించకుండానే అందరికీ కంఠస్థమయ్యాయి. మందు కాదన్న ఆమె మాట నిజం. మా వాడికి ఈ రోజుకీ నత్తి ఉంది.

టీసీ కోసం బడికి వెళ్లినప్పుడు ఫారంలో 'ఏ పాఠశాలకు మారుతున్నారు' అన్న గడి దగ్గర చిక్కు వచ్చింది. గుమాస్తా అది ఖాళీగా ఉంచకూడదన్నాడు. మావారు 'ఇంటి వద్ద చదువు' అని రాశారు. గుమాస్తా ఆ కాగితం పట్టుకుని రెండు గదులు తిరిగి వచ్చాడు. మిగిలిన టర్మ్ ఫీజు కట్టాకే టీసీ ఇస్తామన్నారు. టీసీ అడిగిన వెంటనే ఇవ్వాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్‌లో ఉందన్న సంగతి మాకు అప్పటికి తెలియదు. కట్టేసి తెచ్చుకున్నాం.

చట్టం సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అందరికీ మొదట పట్టుకునే భయం అదే. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు హక్కు అంటుంది ఆ చట్టం. పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ చెబుతుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అని మాత్రం ఎక్కడా లేదు. ఇంట్లో చదివించవచ్చనీ లేదు, చదివించకూడదనీ లేదు. మా దూరపు బంధువు ఒకాయన వకీలు. ఆయన చట్టం మొత్తం చదివి, "మీరు నిలబడింది రోడ్డు మీదా కాదు, పొలంలోనూ కాదు, గట్టు మీద" అన్నారు. ఆ గట్టు మీద నడుస్తున్నామన్న ఎరుక ఈ నాలుగేళ్లూ మాకు ఉంది. అది లేనట్టు ఎవరికీ చెప్పను.

ఆ గట్టు మీద మమ్మల్ని మొదట పలకరించింది మా వార్డు వాలంటీరు. బడి మానేసిన పిల్లల జాబితాలో మా వాడి పేరు వచ్చిందట. ఇరవై మూడేళ్ల అమ్మాయి, చేతిలో ఫోను, అందులో నింపాల్సిన గడులు. "అక్కా, కారణం ఏమని పెట్టను? పనికి వెళుతున్నాడు, వలస వెళ్లారు, అనారోగ్యం, ఇవే ఉన్నాయి" అంది. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి కింద పిల్లలను బడికి పంపే తల్లులకు ఏటా డబ్బు ఇచ్చేవారు. మాకు ఆ అర్హత లేదు గానీ, "డబ్బు వచ్చేవాళ్లు ఎవరూ ఇలా మానిపించరక్కా" అని ఆ పిల్ల నిజాయితీగా అంది. మా వాడి నోటుపుస్తకాలు చూపించాను. వాడిచేత ఒక పేజీ చదివించింది. వాడు అయిదు నిమిషాలు తీసుకున్నాడు, ఆమె కదలకుండా కూర్చుంది. చివరికి ఏ గడి నొక్కిందో నేను అడగలేదు.

ఇక మొదటి మూడు నెలల గురించి. అది నా పొరపాట్ల కాలం. గోడకు టైం టేబుల్ అంటించాను. తొమ్మిదికి తెలుగు, పదికి లెక్కలు, పదకొండింటికి పాలు. ఫోనులో అలారం పెట్టి గంట కొట్టించాను. బడి వద్దనుకుని తెచ్చినవాడికి వంటగది పక్కనే ఇంకో బడి కట్టాను. ఒకరోజు భాగహారం దగ్గర నేను గొంతు పెంచితే వాడు పెన్సిలు కింద పెట్టి, "అమ్మా, నువ్వు మళ్లీ అమ్మవి ఎన్ని గంటలకు అవుతావు?" అన్నాడు. వెక్కిరింపు లేదు అందులో, నిజంగా టైం అడిగాడు. ఆ సాయంత్రమే కాగితం చింపేశాను.

తర్వాత ఆరు వారాలు ఏమీ చెప్పలేదు. నాకు నిద్ర పట్టేది కాదు. వాడు మాత్రం తాతయ్య పాత ట్రంకుపెట్టె తెరిపించి టికెట్ కట్టల కాలం నాటి లెక్కలు నేర్చుకున్నాడు. యంత్రాలు రాకముందు కండక్టర్లు ఒక్కో స్టేజీ దగ్గర ఎన్ని టికెట్లు తెగాయో కాగితం మీద రాసి డబ్బుతో సరిచూసుకునేవారు. విజయవాడ నుంచి మచిలీపట్నం దాకా ఒక ఉత్తుత్తి బస్సు మా హాల్లో రోజూ నడిచేది. ఉయ్యూరులో ఎక్కినవారు, పామర్రులో దిగినవారు, పిల్లలకు అర టికెట్టు, చిల్లర బాకీలు. కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు అన్నీ ఆ బస్సులోనే ఎక్కాయి. అత్తయ్యగారు ప్రయాణికురాలిగా టికెట్టు లేకుండా కూర్చుని గొడవ పెట్టుకునేవారు. ఆవిడతో గెలవాలంటే వాడు గట్టిగా మాట్లాడాలి.

నేను అంతవరకు ఒక సంస్థలో అకౌంటెంటును. ఉద్యోగం మానేసి, ఇంటి నుంచే చిన్న దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు వేయడం మొదలుపెట్టాను. ఆదాయం సగానికి పైగా తగ్గింది. రిటర్నులకు గడువైన 11, 20 తేదీలు దగ్గర పడితే నేను ఎవరికీ అందను, వాడి చదువు పూర్తిగా మామయ్యగారి చేతికే. ఇంట్లో పెద్దవాళ్లు లేకుండా, ఒక జీతం మీద బతకగలిగే వీలు లేకుండా ఇది సాగదు. 'అందరూ చేయవచ్చు' అనే మాట నాకు కోపం తెప్పిస్తుంది. అందరూ చేయలేరు.

పుస్తకాల కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 2020 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అవి ద్విభాషా పుస్తకాలయ్యాయి, ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. మా వాడు తెలుగు పేజీ చదివి, అర్థమయ్యాక ఎదుటి పేజీలోకి వెళతాడు. వాడికి వచ్చిన ఇంగ్లీషులో ఎక్కువ భాగం ఆ ఎదుటి పేజీ నుంచి వచ్చిందే. మిగిలింది మా విజయవాడ ఠాగూర్ గ్రంథాలయంలో శనివారాలు గడిపిన పుణ్యం.

మాలాంటివాళ్లు మరికొందరు ఉన్నారని ఏడాది తర్వాత తెలిసింది. ఫోనుల్లో పరిచయమై, ఒక ఆదివారం కృష్ణ ఒడ్డున ఏడు కుటుంబాలు కలిశాం. నేను ఏదో సిద్ధాంతం వినబోతున్నాననుకుంటూ వెళ్లాను. ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. గన్నవరం వైపు నుంచి వచ్చిన దంపతుల పాపకు డిస్లెక్సియా, అక్షరాలు కలిపి చదవడం కష్టం. తెలివైన పిల్లను మూడేళ్లు వరసగా వెనకబడిన సెక్షన్‌లో కూర్చోబెట్టారు. తెనాలి అబ్బాయి చదరంగం పోటీలకు తిరుగుతాడు, హాజరు సరిపోదు. ఒక రైల్వే ఉద్యోగి ఆరేళ్లలో అయిదు ఊళ్లు మారాడు, ప్రతి చోటా కొత్త సిలబస్, కొత్త యూనిఫాం, కొత్త భాష. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వదిలి పల్లెకు వచ్చి వ్యవసాయం చేస్తున్న జంట పిల్లలు ఉదయం పాలు పితికాకే పుస్తకం పడతారు. పసివాళ్లు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో రాత్రి దాకా పరీక్షలు రాసే ఊరు మాది. అది చూసి భయపడి తీసినవారు కూడా ఉన్నారు.

ఒకాయనతో మాత్రం నాకు పొసగలేదు. కొడుకును ఆరో తరగతిలోనే తీసేసి, బడిలో ఆటలకు, పాటలకు పోయే సమయం మిగిలించి, రోజుకు పది గంటలు లెక్కలు, ఫిజిక్స్ చదివిస్తున్నారు. దాన్ని ఇంటి చదువు అంటే నేను ఒప్పుకోను. అది ఇంటికి తెచ్చిపెట్టుకున్న కోచింగ్. ఆ పిల్లవాడు మా వాళ్లతో ఆడడానికి లేవబోయి, తండ్రి వైపు చూసి కూర్చున్నాడు.

ఇప్పుడు రెండో కారణం దగ్గరికి వస్తున్నాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా ఊళ్లోని సింగ్‌నగర్ మునిగింది. మా ఇంటి వైపు నీళ్లు రాలేదు గానీ మా అక్కవాళ్లు అక్కడే ఉంటారు. కరెంటు లేక, తాగునీళ్లు లేక మూడు రోజులు పై అంతస్తులో ఉండి, పడవ దొరికాక మా ఇంటికి వచ్చారు. అక్క తడిసిన రేషన్ కార్డును ఇస్త్రీ పెట్టెతో ఆరబెడుతుంటే మా వాడు పక్కన నిలబడి అడిగాడు: "పెద్దమ్మా, వాన పడింది మైలవరం కొండల్లో కదా, నీళ్లు మీ ఇంట్లోకి ఎందుకు వచ్చాయి?"

అక్క దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆ ప్రశ్నతోనే వాడు ఆరు వారాలు బతికాడు. వేరే పాఠం ఏదీ ముట్టలేదు, నేను ముట్టమనలేదు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదను ఒక మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోకి పంపుతారు. కానీ ఆ రోజుల్లో కృష్ణే నిండి ఉంది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, లీటర్లలో 28.3. వాడు హెచ్చవేసి చూస్తే సెకనుకు మూడు కోట్ల ఇరవై లక్షల లీటర్ల పైమాటే. మా అపార్ట్‌మెంట్ ట్యాంకు పది వేల లీటర్లది. "అమ్మా, ఒక్క సెకనుకు మన ట్యాంకులు మూడు వేల రెండు వందలు!" అని అరుస్తూ వంటింట్లోకి వచ్చాడు. నిండిన నదిలోకి కాలువ నీళ్లు ఎలా దిగుతాయి? వెనక్కి తన్నాయి, గట్లకు గండ్లు పడ్డాయి, ఊరి మీదికి వచ్చాయి. ఈ నాలుగు వాక్యాల జవాబు దగ్గరికి వాడు పత్రికలు, పటాలు పట్టుకుని తానే నడిచి వెళ్లాడు.

వరద తీశాక తాతా మనవలు బస్సెక్కి వెలగలేరు వెళ్లారు. మామయ్యగారు వచ్చి చెప్పారు, మా వాడు అక్కడ గేట్ల దగ్గర పనిచేసే మనిషిని, గేదెలు కాసుకునే ముసలాయనను, టీ కొట్టు ఆవిడను ఆపి ఆపి అడిగాడట. 'బుడమేరు' అనడానికి బ దగ్గర ఆగిపోతే, "చెప్పు బాబూ" అంటూ వాళ్లు ఆగారట. "నేను ఒక్క మాట కూడా అందివ్వలేదమ్మా" అన్నారు మామయ్యగారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

ఒక ప్రశ్నతో ఆరు వారాలు గడపడానికి ఏ బడిలోనూ వీలుండదు. బడి తప్పు కాదు అది, సిలబస్ పూర్తి చేయాలి, పరీక్షలు పెట్టాలి. నత్తి భయం అప్పటికి నాలో చాలావరకు పోయింది. మంచి బడి దొరికితే పంపుదామా అని మేమిద్దరం ఆ వేసవిలో అనుకున్నాం కూడా. బుడమేరు పటం మా హాలు గోడకెక్కాక ఆ మాట మళ్లీ రాలేదు. ఇంటి చదువును మేము నిజంగా ఎంచుకున్నది అప్పుడే. అంతకుముందు చేసింది తప్పించుకోవడం.

పోగొట్టుకున్నవి లేవా? ఉన్నాయి. ఇంటర్వెల్‌లో పది మంది కలిసి ఒక్క సమోసా కోసం కొట్టుకోవడం వాడికి తెలియదు. సాయంత్రం వీధిలో క్రికెట్ ఉంది, కరాటే ఉంది, కానీ పగలంతా వాడి ఈడువాళ్లు దొరకరు. వర్షం పడి బడులకు సెలవిచ్చిన రోజు వాడికి పండగ, కింద స్నేహితులు ఉంటారు కాబట్టి. పెళ్లిళ్లలో "ఏ స్కూలు బాబూ?" అన్న ప్రశ్నకు మొదట్లో తల వంచుకునేవాడు. మా పెద్ద ఆడపడుచు ఏడాదిపాటు మాతో సరిగ్గా మాట్లాడలేదు. మేనల్లుడి బతుకు ఏమైపోతుందోనన్న దిగులు అది, అందుకే ఆవిడ మీద నాకు కోపం రాలేదు.

పదో తరగతి ఎలా అన్నదే ఆవిడ అసలు ప్రశ్న. రెండు దారులు ఉన్నాయి. ఒకటి మన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, రెండోది ఎన్ఐఓఎస్ అని అందరూ పిలిచే కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక విద్యా సంస్థ, 1989లో పెట్టారు. మేము రెండోది ఎంచుకున్నాం. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి నమోదు చేసుకోవచ్చు. కింది తరగతుల సర్టిఫికెట్ లేకపోతే, ఈ కోర్సు చదవగలిగినంత చదువుకున్నానని సొంతంగా రాసిచ్చినా సరిపోతుంది. అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి, కనీసం ఒక భాష ఉండాలి, కావాలంటే మరో రెండు అదనంగా తీసుకోవచ్చు. అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు, అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు. తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఇదంతా కాగితం మీద రాసి ఆడపడుచుకు చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివి, "అయితే ఇంటర్‌కు కుదురుతుందన్నమాట" అన్నారు. ఆ సాయంత్రం మా ఇంట్లోనే భోంచేసి వెళ్లారు.

ఈ జనవరిలో మా వాడికి పద్నాలుగు నిండాయి. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్, సోషల్, వాటితోపాటు పెయింటింగ్ తీసుకుంటానన్నాడు. కొండపల్లి వెళ్లి తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేసేవారి దగ్గర కూర్చున్నప్పటి నుంచి రంగుల పిచ్చి పట్టుకుంది. పెయింటింగ్‌కు ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది. దాని గురించి స్టడీ సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కోవాలి.

వాడికి అన్నింటికంటే కష్టం ఫోను. ఎదుటి మనిషి కనబడడు, ఆగిన మాట వెనక మనిషి ఉన్నాడని అవతలివాళ్లకు తెలియదు. ఇన్నేళ్లూ వాడి ఫోన్లన్నీ నేనే మాట్లాడాను. మొన్న సోమవారం నంబరు నేను నొక్కబోతుంటే ఫోను తీసుకుని, "నేను చేస్తా" అన్నాడు.

అవతల ఎవరో ఎత్తారు. వాడు పెదవులు బిగించి ప దగ్గర ఆగాడు. అవతల నుంచి హలో వినిపించింది, మళ్లీ హలో. నా చెయ్యి దానంతట అదే లేచింది. అత్తయ్యగారు దాన్ని పట్టుకుని కిందికి దించారు. మూడో హలో తర్వాత వాడు ఊపిరి తీసుకుని మొదలుపెట్టాడు.

"పెయింటింగ్ ప్రాక్టికల్‌కు రంగులు మేమే తెచ్చుకోవాలా అండీ?"